మిగిలిన చేప

పోయిన ఆదివారం మా ఇంటికి ఒక చేప వచ్చింది. తనంతట తాను నడిచి రాలేదు లెండి. నా కథల్లో అట్లా నడిచొచ్చిన చేపలూ ఉన్నాయి గానీ, ఇది మాత్రం ఒంటికి ఉప్పు పూసుకుని, తాటాకు చుట్టుకుని, ఒక ఆడమనిషి చంకలో కూర్చుని బస్సులో తోటపల్లి గూడూరు దాకా వచ్చింది. సగం టిక్కెట్టు కొట్టాలా వద్దా అని కండక్టరు దారి పొడుగునా ఆలోచించాడట.

తెచ్చిన మనిషిని పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. పదేళ్ళ కింద నేను కృష్ణపట్నం అవతల ఒక పాళెంలో బడిపంతులుగా ఉన్నప్పుడు నా దగ్గర నాలుగో తరగతి చదివిన పోలయ్య రెండో కూతురు. ఆ పాళెం పేరు చెప్పను. చెబితే వాళ్ళంతా పడవలు కట్టుకుని నా అబద్ధాలు లెక్కపెట్టడానికి వస్తారు.

"అయ్యోరూ, పంగులు పెట్టే అవ్వ పొయ్యినాది. పదైదు దినాలైనాది" అంది ఆ పిల్ల, గడప దగ్గరే నిలబడి.

నేనేదో అనబోయేలోగా తాటాకు విప్పి చేపని అరుగు మీద పెట్టింది. మూరెడు మాగ చేప.

"నిన్న పంగులు పెడితే ఇదొకటి మిగిలినాది. అవ్వ ఉన్నన్నాళ్ళూ మిగిలింది అవ్వది. ఇప్పుడెవురిది? ఈ పదైదు దినాలూ మిగిలినవాటిని ఎవురూ ముట్టుకోలా. కాకులకి పండగ. నిన్న ఇంత చేప మిగిలేతలికి ఒకటే రచ్చ. ఆఖరికి అయ్యోరికి లెక్కలొచ్చు గదా, పొయ్యి ఆయన్నే అడుగు అని పంపినారు."

వాటాని ఆ పాళెంలో పంగు అంటారు. అరవదేశం గాలి తగిలిన మాట. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. రైలు వేగం, తొట్టి నిండే వేళ, గోడ కట్టే కూలీలు, ఏదడిగినా చెబుతాను. కానీ ఈ లెక్కకి జవాబు చెప్పాలంటే ముందు అవ్వని గురించి చెప్పాలి.

అవ్వ ఎండబెట్టిన సావడాయి చేపలా సన్నగా, పొడుగ్గా ఉండేది. చెవులకి పెద్ద పెద్ద రంధ్రాలు. వాటిలో కమ్మలుండేవి కావు. కుడి రంధ్రంలో పొగాకు కాడ, ఎడమ రంధ్రంలో పళ్ళపుల్ల దాచుకునేది. ఆమెకి పడవ లేదు, వల లేదు, సముద్రంలోకి పోయే మనిషి లేడు. అందుకనే పంగులు పెట్టే పని ఆమెది. ఎవరి వైపూ మొగ్గడానికి ఆమెకి వైపు లేదు.

ఇరవై దాటితే ఆమెకి అంకెలు లేవు. "ఇరవై మీద ఎన్నయినా శానానే గదా నాయనా" అనేది. కానీ ఆమె సగం చేస్తే అది సగమే. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కుప్పని ఒక్కసారి చూసి, రెండు చేతులూ మధ్యలో దించి విడదీసేది. ఒకసారి బిట్రగుంట నుంచి మా బావమరిది, రైల్వేలో పార్సిళ్ళు తూచేవాడు, పందెం కట్టి ఆమె చేసిన రెండు సగాలనీ తక్కెట్లో పెట్టించాడు. ముల్లు కదల్లేదు. కాసేపటికి ఒక చీమ వచ్చి ఎడమ తట్టలోకి ఎక్కితే అప్పుడు ఒరిగింది. ఇందులో నూటికి తొంభై నిజం.

సగం చెయ్యడం ఆమెకి పనే కాదు, జబ్బు కూడా. తమలపాకు ఇస్తే సగం చించి రొంటిన దోపుకునేది. వార్త తెచ్చినా అంతే. "మునసబు గారి ఎద్దు తాడు తెంపుకున్నాది" అని పొద్దున చెప్పి వెళ్ళిపోయేది. ఆ ఎద్దు ఎవరిని పొడిచిందో తెలియడానికి సాయంత్రం దాకా ఆగాలి.

ఆమెకీ నాకూ మొదటి ముఖాముఖి బడిలోనే జరిగింది. నాలుగో తరగతికి భిన్నాలు మొదలుపెట్టాను. బోర్డు మీద నాలుగో వంతు, ఎనిమిదో వంతు రాసి ఏది పెద్దదంటే, క్లాసంతా ఒక్క గొంతుతో ఎనిమిదో వంతు అంది. నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కదా మరి! మూడు రోజులు చెప్పాను. మూడు రోజులూ ఎనిమిదే గెలిచింది. నాలుగో రోజు బడి నీడన కూర్చుని పొగాకు నములుతున్న అవ్వ కిటికీలోంచి కిసుక్కున నవ్వింది.

నాకు మండింది. "నవ్వడం కాదవ్వా, నువ్వు చెప్పు. పావు పెద్దదా, పరక పెద్దదా?" అన్నాను. పరక అంటే ఎనిమిదో వంతు, పావులో సగం.

అవ్వ తల పక్కకి వాల్చి, "దేంట్లో?" అంది.

"దేంట్లో అయితే ఏంది? పావు పెద్దదా కాదా?"

"అట్టయితే నువ్వు నెత్తల్లో పావు తిను అయ్యోరా, నేను సొరలో పరక తింటా."

పిల్లలు పలకలు కింద పెట్టి నవ్వారు. నెత్తలు చేప చిటికెన వేలంత ఉంటుంది, సొర చేప పడవంత. నేను ట్రైనింగులో రెండేళ్ళు చదివి ఈ ఒక్క మాట నేర్చుకోలేదు. పిల్లలు మాత్రం ఆ పూటే నేర్చుకున్నారు. ఒకే చేపలో అయితే పావే పెద్దదని పోలయ్య రెండో కూతురే లేచి చెప్పింది, పరక తిన్నవాడికి ఆకలి తీరదని కూడా కలిపి.

ఆ రోజు నుంచి ఆ మాట నాకు పీడ అయిపోయింది. ఏం చెప్పినా అవ్వ తల వాల్చి "దేంట్లో?" అనేది. "నాకు ట్రైనింగులో నూటికి ఎనభై వచ్చినాయవ్వా" అన్నాను ఒకసారి, గొప్పకి.

"దేంట్లో?"

"లెక్కల్లో."

"తక్కిన ఇరవై యాడ పోగొట్టుకున్నావు నాయనా?"

ఇక ఆమె పంగులు పెట్టే తీరు చెప్పాలి. వల ఒడ్డుకి రాగానే పెద్ద చేపల్ని, సర్దుబాటుకి ఒక పిడికెడు చిన్నవాటిని వేరే తట్టలో తీసిపెట్టి, మిగతాదంతా ఇసక మీద ఒక్క కుప్పగా పోయించేది. దాన్ని సగం చేసేది. సగాల్ని సగం చేస్తే నాలుగు పావులు. పావుల్ని సగం చేస్తే ఎనిమిది పరకలు. పరకల్ని సగం చేస్తే పదహారు వీసాలు. నాలుగు సగాలతో పదహారు కుప్పలు, పది నిమిషాల పని. తర్వాత తట్టలో తీసిపెట్టిన చేపలతో ఎక్కువతక్కువలు సరిచేసుకుంటూ కుప్పకొకటి చొప్పున తిప్పుకొచ్చేది. పదహారు కుప్పలకీ సమంగా చాలనివి ఆఖర్న ఏవైనా మిగిలితే, అవి అవ్వవి. అదే ఆమె కూలి. పదహారుతో భాగిస్తే శేషం పదిహేను దాటదు కదా! ఒక్కోరోజు ఐదు చేపలు, ఒక్కోరోజు ఒకటి. శేషం సున్నా వచ్చిన రోజు ఆమె ఇంట్లో పచ్చిపులుసు.

పదహారు కుప్పల్లో వలకి నాలుగు, పడవకి రెండు. పడవెక్కిన తొమ్మిదిమందికి తొమ్మిది. పదహారో కుప్ప ఒడ్డుది. ఒడ్డు పంగు అంటే సముద్రంలోకి పోలేనివాళ్ళ వాటా. నేనున్న రోజుల్లో అది పోలయ్యకి పోయేది. ముందటేడు అదే పడవలో వల లాగుతుంటే తాడు చుట్టుకుని అతని కుడిచేతి వేళ్ళు నాలుగు తెగిపోయాయి. ఇంట్లో పెళ్ళాం, ముగ్గురు ఆడపిల్లలు. రోజూ పొద్దున ఒక గంప బోర్లించి దాని మీద కూర్చుని వలకోసం ఎదురుచూసేవాడు. పదహారో కుప్ప పడ్డాక లేచి గంప తిప్పేవాడు.

అట్లా ఉండగా నైలాను వల వచ్చింది. అన్నీ పదులూ నూర్లూ అయిపోతున్న కాలం అది. శేర్లు పోయి కిలోలొచ్చాయి. వలని సొసైటీ ఇస్తుంది గానీ, పట్టిన చేపని ఎవరెవరు ఎంతెంత పంచుకుంటారో నూటికి ఇంతని ఒక కాగితం మీద రాసివ్వాలి, ఆ ప్రకారమే పంచాలి అన్నాడు సొసైటీ గుమాస్తా. కాగితంలో మూడు గడులు: వల, పడవ, మనుషులు. కింద చిన్న అక్షరాలతో, పూర్ణాంకాలు మాత్రమే, భిన్నాలు రాయరాదు అని ఉంది.

పాళెంలో నూరు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కాలరు సర్దుకుని కూర్చున్నాను. వలకి పదహారింట నాలుగు, అంటే నూటికి ఇరవై ఐదు. భేష్. పడవకి రెండు, అంటే పన్నెండున్నర. అర రాయకూడదు కాబట్టి పన్నెండు. మనిషికి ఒకటి, అంటే ఆరుంబావు. పావు తీసేస్తే ఆరు. తొమ్మిదిమందికి యాభై నాలుగు. అన్నీ కూడితే తొంభై ఒకటి వచ్చింది. నూటికి తొమ్మిది తక్కువ. మనుషులు కూడా తొమ్మిదిమందే! తలా ఒకటి కలిపి ఏడు చేశాను. ఇరవై ఐదు, పన్నెండు, అరవై మూడు. సరిగ్గా నూరు. ఎంత అందంగా కుదిరిందంటే కాగితాన్ని దూరంగా పెట్టి చూసుకుని మురిసిపోయాను.

ఒడ్డు పంగుకి గడి లేదు, అందుకని గుర్తు రాలేదు అని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను. గుర్తొచ్చింది. నూరు కుదిరాక గుర్తొచ్చింది. చెరపబుద్ధి కాలేదు.

పడవ నడిపే తిరుపాలుకి చదివి వినిపించాను. "మాకు ఆరుంబావు బదులు ఏడా? బానే ఉండాదే" అన్నాడు. పోలయ్య సంగతి అతనూ ఎత్తలేదు. పోలయ్య వేళ్ళు తెగిన తాడు రెండో కొస ఆనాడు పట్టుకున్నది తిరుపాలే. ఎత్తకపోవడం అతనికీ సులువు కాదని ఇప్పుడు అనిపిస్తుంది.

కొత్త వల వేసిన మొదటి పొద్దు పాళెమంతా ఒడ్డునే ఉంది. కవళ్ళనే చిన్న చేపలు పడ్డాయి, వెండి ముద్దలా. చేపలు కొనడానికి వచ్చిన గంపలవాళ్ళు వరసగా నిలబడ్డారు. పోలయ్య ఎప్పటిలా గంప బోర్లించి కూర్చున్నాడు. ఎవరూ అతనికేసి చూడలేదు. అవ్వ కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని ఎడమ కన్ను మూసింది.

"అట్ట కాదవ్వా, ఇకమీద కాయితం ప్రకారం" అన్నాడు తిరుపాలు. "అయ్యోరు రాసినాడు. నూటికి లెక్క."

అవ్వ కన్ను తెరిచి నన్ను చూసింది. "చదువు నాయనా."

చదివాను. వలకి ఇరవై ఐదు. పడవకి పన్నెండు. మనిషికి ఏడు. నూరు సరి.

"ఒడ్డుకి?"

నేను కాగితం మడత పెట్టాను.

అవ్వ అరవలేదు, శాపం పెట్టలేదు. "సరే, నూరంటే నూరే. నూరంటే ఎన్ని ఇరవైలు?" అంది.

"ఐదు."

చెవిలోంచి పళ్ళపుల్ల తీసి ఇసక మీద గీతలు గియ్యడం మొదలుపెట్టింది. పది వరసలు, వరసకి పది గళ్ళు. గీసేసరికి సూర్యుడు తాటిచెట్టు దాటాడు. అప్పుడు గడికొక చేప పెట్టుకుంటూ బయలుదేరింది. ఒక చేప, ఒక అడుగు, ఒక నిట్టూర్పు. మూడో వరసలో ఆగి నడుము పట్టుకుంది.

"ఎన్నోది అబ్బయా ఇది?"

"ఇరవై ఆరు" అన్నాడొకడు.

"కాదు, ఇరవై ఏడు" అన్నాడింకొకడు.

"మీకే తెలవకపోతే నాకేం తెలుస్తాది? ఇరవై దాటితే నాకు శానానే గదా." మళ్ళీ మొదటి గడి నుంచి మొదలు.

రెండోసారి ఆరో వరస దాకా వచ్చింది. ఈలోపు కాకులు దిగాయి. మన జిల్లా కాకులైతే నేను పేరుపెట్టి పిలుస్తాను. అవి కాదు. మద్రాసు కాకులు, అరవంలో అరుస్తున్నాయి. ఒక కాకి నాలుగో వరసలో చేప ఎత్తుకుపోయింది.

"అది ఎవురి పంగు?" అంది అవ్వ. "పడవదా, మనిషిదా? అయ్యోరా, కాయితంలో కాకికి ఎంత రాసినావు?"

గంపలవాళ్ళు ఒక్కొక్కరే గంప నెత్తిన పెట్టుకుని పక్క పాళెం దారి పట్టారు. ఎండ ఎక్కింది. వెండి ముద్ద నల్లబడటం మొదలైంది. అవ్వ మూడోసారి మొదలుపెట్టి పదో వరస పూర్తి చేసి "నూరు!" అని లేచి నిలబడే వేళకి, పోటెక్కిన సముద్రం మెల్లగా వచ్చి ఆ పదో వరసని నాకి తీసుకుపోయింది.

అవ్వ సముద్రానికి దండం పెట్టింది. "నూటికి పది అమ్మ పంగు. అది కూడా రాసుకో నాయనా."

నవ్వకూడదని అందరూ పళ్ళు బిగించారు. ముందు నవ్వింది పోలయ్యే. గంప మీద కూర్చుని, కుడిచేతికి ఉన్న ఒక్క బొటనవేలుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ నవ్వు తిరుపాలుకి తగిలింది. అతను "చాల్లే అవ్వా. నీ పదారే పెట్టు" అన్నాడు. తర్వాత అటు తిరిగి, "పోలయ్యా, గంప తిప్పుకో" అన్నాడు.

పది నిమిషాల్లో పదహారు కుప్పలు పడ్డాయి. నా సిగ్గు కొద్దీ నేనే వంగి ఎంచాను. ప్రతి కుప్పలోనూ ఎనభై ఒకటి. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. పదహారోది పోలయ్య గంపలోకి పోయింది. ఏమీ మిగల్లేదు. అవ్వ ఖాళీ తట్ట దులుపుకుని, పళ్ళపుల్ల కడిగి చెవిలో పెట్టుకుని పచ్చిపులుసుకి వెళ్ళిపోయింది.

కాగితం సంగతంటారా? "నూటికి" అన్న మాట కొట్టేసి పైన "పదహారింటికి" అని రాశాను. మూడు గళ్ళ కింద నాలుగోది నేనే గీసి, ఒడ్డుకి ఒకటి అని వేశాను. గుమాస్తా గుండెలు బాదుకున్నాడు. "ఇట్టాంటిది పైకి పంపితే నా ఉద్యోగం ఊడతాదండీ" అన్నాడు. పంపాడు. పైవాళ్ళు చదవకుండానే ముద్ర వేసి పంపారు. అన్నీ పూర్ణాంకాలే కదా, తప్పేముంది?

ఇదంతా ఆ పిల్లకి చెబుతుంటే మధ్యలో ఆపింది. "అది నాకు తెలుసు గదా అయ్యోరూ. నాయన ఎన్నిసార్లు చెప్పినాడో! అవ్వ కూడా చెప్పి నవ్వేది. పాపం అయ్యోరికి నా మీద ఎంత ప్రేమో, తట్టెడు చేప నా ఇంటికి తోలాలని రాసినాడు ఆ కాయితం అనేది."

నాకు అర్థం కాలేదు. "ఆమెకి తట్టెడు చేప ఎట్టా వస్తుంది?"

"ఏమో. అట్టనే అనేది."

పలక తెచ్చుకున్నాను. ఎనభై ఒకటిని పదహారుతో గుణించాను. పన్నెండు వందల తొంభై ఆరు. పదహారు కుప్పలైతే శేషం సున్నా. అదే చేపని నూరు కుప్పలు చేసుంటే? కుప్పకి పన్నెండు, తొంభై ఆరు మిగులు. మిగిలింది అవ్వది!

బలపం అక్కడే ఆగిపోయింది. నేను రాసిన నూటికి లెక్కతో పాళెంలో అందరికన్నా ఎక్కువ కలిసొచ్చేది ఆమెకే, ఇంచుమించు ప్రతిరోజూ. నూరుతో భాగిస్తే శేషం తొంభై తొమ్మిది దాకా పోతుంది. ఇరవై దాటి ఎంచలేని మనిషికి ఆ సంగతి ఇసక మీదే తెలిసింది. పంతులుకి పదేళ్ళు పట్టింది. ఆ పొద్దు ఆమె మూడుసార్లు మొదలుపెట్టి, కాకుల్ని అడ్డం పెట్టుకుని, సముద్రాన్ని సాక్ష్యానికి పిలిచి, తన తొంభై ఆరు చేపల్నీ వదిలించుకుని పచ్చిపులుసు తిన్నది. తనకి తట్టెడు చేప రాసింది నేనేనని నన్ను ప్రేమగా తలుచుకుని నవ్వింది.

కళ్ళజోడు తుడుచుకున్నాను. బలపం పొడి పడింది లెండి.

"ఇప్పుడు పంగులు పెట్టేది ఎవరే?" అన్నాను.

"నేనే. అవ్వ రెండేళ్ళుగా నా చేతనే పెట్టించేది."

"అయితే ఈ చేప నీదే. పెట్టినవాళ్ళదే మిగులు."

ఆ పిల్ల వెనక్కి జరిగింది. "వద్దు అయ్యోరూ. ఒకసారి రుచి మరిగితే రేపు నా చెయ్యి ఇంకొకటి మిగిలిస్తాదేమో. నాకు బయ్యం."

"ఆ భయం ఉన్నన్నాళ్ళూ నీదే. భయం పోయిన రోజు కాకులకెయ్యి. లెక్క ఇంతే, పొయ్యి పాళెంలో చెప్పు."

ఆ పిల్ల మళ్ళీ చేప దగ్గరికి జరిగింది. ఒప్పుకున్నట్టే ఉంది. "అట్టయితే సగం మీరు తీసుకోవాల" అని మా ఆవిడని అడిగి కత్తిపీట తెప్పించింది. చేపని అడ్డంగా పెట్టి, తల వైపు ఒకసారి, తోక వైపు ఒకసారి చూసి, ఎడమ కన్ను మూసింది.

రెండు ముక్కలూ తాటాకు మీద పక్కపక్కన పడ్డాయి. నా వైపు ముక్క మీదికి ఒక చీమ ఎక్కుతోంది. ఎందుకైనా మంచిదని దాన్ని ఊదేశాను.